తెల్లకుండల తల్లి

పూర్వం కళింగ సీమలో, కుముదవర్మ అనే చిన్నరాజు ఏలుబడిలో, రాళ్లరేవు అనే పల్లె ఉండేది. పడమట నిండుగా ఒక కొండ, తూర్పున అంతులేని సముద్రం, ఈ రెంటికీ నడుమ ఒక్కపూట నడకలో దాటిపోగల సన్నని నేల, ఆ నేల మీద ఎర్రటి ఇసుకదిబ్బలు, వాసనతోనే దారి చెప్పే మొగలిపొదలు, పొద్దున సముద్రంలోకీ సాయంత్రం ఊళ్లోకీ పారుతున్నట్టు కనిపించే ఉప్పుటేరు, ఇదీ ఆ సీమ స్వరూపం. పేరులో రాళ్లున్నాయని చిన్నచూపు చూడనక్కరలేదు. వరిపొలం లేకపోయినా ఆ పల్లెలో ఆకలన్న మాట వినబడేది కాదు. నెత్తళ్లూ కవళ్లూ ఎండే వాసన గిట్టని వాళ్లు ముక్కు మూసుకుని పోవచ్చుగాని, పోయినవాళ్లంతా మళ్లీ ఆ చేపల కోసమే తిరిగివచ్చేవారు.

ఆ రేవుకు ఎదురుగా, కేకవేస్తే వినబడేంత దూరంలో, నీళ్ల అడుగున రెండు బండలు ఉన్నాయి. నీరు తీసే పాటు వేళ వాటి నెత్తులు కాస్త కనిపిస్తాయి, నీరెక్కే పోటు వేళ పూర్తిగా మునిగిపోతాయి. రెండూ పక్కపక్కనే ఉండి ఎప్పుడూ చిరచిరలాడుతూ నురగలు కక్కుతుంటాయి గనుక జాలరులు వాటికి తోడికోడళ్లని పేరు పెట్టుకున్నారు. ఆ ఇద్దరి మధ్య ఒక పడవ పట్టేంత సందు ఉంది. కొబ్బరితాళ్లతో పలకలను కుట్టి చేసిన ఆనాటి పడవ ఆ సందులోంచి వస్తే తల్లి ఒడిలోకి వచ్చినట్టు ఒడ్డుకు చేరుతుంది. కాస్త ఇటో అటో తప్పిందా, కుట్లు తెగి పలకకు పలక విడిపోతుంది. అంతే సంగతులు.

మరి కనబడని సందును కనిపెట్టడం ఎలాగంటే, దానికి ఆ జనానికి ఒక విద్య ఉండేది. పడమటి కొండ శిఖరం మధ్యలో గొడ్డలితో కొట్టినట్టు ఒక నొక్కు ఉంది. ఒడ్డున ఉన్న పెద్దదిబ్బ మీద ఒంటరిగా, మట్ట లేక, కాయ లేక, ఏనాడో పిడుగుపడి తల పోగొట్టుకున్న ఒక తాటిమోడు నిలబడి ఉండేది. సముద్రంలోంచి చూసినప్పుడు ఆ మోడు సరిగ్గా కొండనొక్కులో ఇమిడిందంటే పడవ సందుకు ఎదురుగా ఉన్నట్టు లెక్క. ఆ వరస విడవకుండా కళ్లు మూయకుండా వచ్చేయడమే పని. దీన్నే వాళ్లు గురుతు అనేవారు. తాతలు నీళ్లమీద కొడుకులకు చూపించారు, కొడుకులు నీళ్లమీదే మనవలకు చూపించారు. ఒడ్డున మాత్రం గురుతు మాట ఎత్తడం మహాపరాధం. నేలమీద గురుతు చెబితే గంగమ్మ అలుగుతుందనీ, పరాయివాడి చెవిన పడితే చేప ఆ తావు విడిచిపోతుందనీ వారి నమ్మకం. ఆడవాళ్లు చూసి గ్రహించారేగాని పెదవి విప్పి ఎన్నడూ అనలేదు.

ఇక మిగతా విషయాల్లో వాళ్లంత ఉదారులు వెతికినా దొరకరు. ఒడ్డున పెద్దవల లాగుతున్నప్పుడు దారినపోయే దానయ్య వచ్చి తాడు మీద చెయ్యివేసినా, వల ఒడ్డెక్కాక అతని వాటా చేపలు అతనికి పడవలసిందే. ఊరేమిటి, కులమేమిటి అని అడగడం ఉండేది కాదు. పెట్టడానికి చెయ్యి ముందుండేది, చెప్పడానికి నోరు వెనకుండేది. ఆ గుణంలోంచే ఈ కథ పుట్టింది.

అలా ఉండగా కొండకు ఆవలి మెట్టసీమలో వరసగా వానలు ముఖం చాటేశాయి. చెరువులు నెర్రెలు విచ్చాయి. కుండలు చేసే కుటుంబాలు కొన్ని, మట్టి తడపడానికి నీళ్లు లేక, చేసిన కుండలో పోసుకోవడానికీ నీళ్లు లేక, కుముదవర్మ కోట ముందు వచ్చి కూర్చున్నాయి. వారికి పెద్దదిక్కు దాలమ్మ అనే ఆడమనిషి. భర్త గతించాక తమ్ముళ్లనూ మరదళ్లనూ తన రెక్కల కింద పెట్టుకుని నడిపించుకొచ్చింది. సారె తిప్పడం తమ్ముళ్ల పనైతే, మట్టి తొక్కి మెదపడం, పచ్చికుండను చెక్కతో చరిచి సాపుచేయడం, అన్నిటికీ మించి కుండలు కాల్చే ఆవం పేర్చి మంట పెట్టడం ఆమె పని. రాజు ఆలోచించి, సముద్రపుటొడ్డున ఉప్పుకూ చేపకూ నీటికీ కుండలు చాలక జనం ఇబ్బంది పడుతున్నారని తెలుసుకుని, వీళ్లను రాళ్లరేవులో కాపురముండమని పంపాడు.

జాలరులు రాజుమాట కాదనలేదు. పాకలకు చోటు చూపించారు, తాటాకులు ఇచ్చారు, మొదటిరోజు ఇంటింటా చేపలపులుసు వండి పంపారు. ముళ్లు తీయడం తెలియక దాలమ్మ మరదలు గొంతులో ముల్లు ఇరికించుకుంటే పల్లెలోని ఆడవాళ్లంతా వచ్చి అన్నంముద్దలు మింగించి, వీపు నిమిరి, వెళ్లేటప్పుడు నవ్వుకుంటూ వెళ్లారు. వాళ్లందరిలో గురమ్మ అనే ఆవిడ దాలమ్మకు త్వరగా దగ్గరైంది. గురమ్మ భర్త ఎర్రయ్య ఆ రేవుకు తండేలు, అంటే వేటకు వెళ్లే పడవలన్నిటినీ నడిపించే పెద్ద. ఆ దంపతుల కొడుకులిద్దరూ తండ్రి పడవలోనే తెడ్డు వేసేవారు. గురమ్మ దాలమ్మను వదినా అని పిలిచింది. దాలమ్మకు ఆ పిలుపు విన్నరోజున కడుపు నిండినట్టయింది. పుట్టిన ఊరు విడిచినప్పటినుంచీ తనను ఎవరూ వరసపెట్టి పిలవలేదు మరి.

అయితే ఇసుకనేల కుమ్మరికి అంత సులువుగా లొంగుతుందా? ఉప్పుటేరు ఆవల బంకమట్టి దొరికింది. తీయటి నీళ్ల చెలమ గురమ్మే చూపించింది. దొరకనిదల్లా వంటచెరకు. ఆ ఒడ్డున మొగలిపొదలూ, కాయకోసం ఆకుకోసం పెంచుకునే కొబ్బరీ తాడీ తప్ప కొట్టుకోదగ్గ మాను లేదు. ఎండిన మొగలి ఆకులు, కొబ్బరిమట్టలు పోగుచేసి దాలమ్మ మొదటి ఆవం పెట్టింది. మంట భగ్గున లేచి అంతలోనే చల్లారింది. కుండలు సగం కాలి, సగం కాలక, పిల్లి ఒంటిలా మచ్చలు మచ్చలుగా తేలాయి. నీళ్లు పోసిన కుండ సాయంత్రానికి చేతిలోనే కరిగిపోయిందని గురమ్మ అత్తగారు ఊరంతా చెప్పింది.

"మీ మెట్టవూళ్లో కుండలు తాగడానికా, నమలడానికా వదినా?" అని గురమ్మ వేళాకోళం చేసింది.

దాలమ్మ నవ్విందిగాని, ఆ నవ్వు కళ్లదాకా పోలేదు. ఈ ఊళ్లో తమకు పెట్టినవాళ్లే ఉన్నారు, తాము పెట్టింది ఏమీ లేదు. ఒక్కటంటే ఒక్క మంచి ఆవం దిగితే చాలు, ఇంటింటికీ గట్టికుండ ఇచ్చి, ఈ ఊరి మనిషినే అనిపించుకోవాలని ఆమె మనసు కొట్టుకుంది. ఒక గట్టి మాను కావాలి. అప్పుడు ఆమె కన్ను దిబ్బమీది తాటిమోడుపై పడింది.

దాలమ్మ అడగకుండా పుల్ల విరిచే మనిషి కాదు. గురమ్మ ఇంటికి వెళ్లింది. పడవలు రెండుమూడు రోజుల పెద్దవేటకు బయలుదేరుతున్న తెల్లవారుజాము అది. గురమ్మ మగవాళ్లకు చద్దన్నం మూటలు కడుతూ ఊపిరాడని పనిలో ఉంది.

"వదినా, దిబ్బమీద ఆ మోడు ఎవరిదమ్మా?" అని అడిగింది దాలమ్మ.

గురమ్మ చేతిలో మూట ఒక్కక్షణం ఆగింది. మనదే అంటే, ఎందుకూ పనికిరాని మోడు మీకెందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే నేలమీద గురుతు మాట ఎత్తాలి, అదీ మగవాళ్లు పడవెక్కే వేళ. గంగమ్మ అలుగుతుందేమోనన్న భయమే గురమ్మను గెలిచింది.

"ఎవరిదీ కాదులే" అని ముఖం తిప్పుకుని మూట ముడి బిగించింది. తల లేని మోడుతో ఎవరికేం పని, ఊరికే అడిగిందని తనకు తాను సర్దిచెప్పుకుంది.

దాలమ్మకు అంతకన్నా ఏం కావాలి? పడవలు వెళ్లిపోయాయి. వెనకాలే పల్లెలోని ఆడవాళ్లంతా ఎండుచేపల గంపలు నెత్తిన పెట్టుకుని కొండకింది సంతకు వెళ్లిపోయారు, మర్నాటికిగాని తిరిగిరారు. ముసలివాళ్లు పాకల్లో నిద్రపోతున్నారు. తమ్ముళ్లు గొడ్డళ్లు తీసుకుని దిబ్బెక్కారు. మోడు పైకి ఇనుములా ఉన్నా లోపల బెండు. మొదలు మోకాలెత్తు మిగిలేలా నరికితే పొద్దెక్కకముందే నేలకూలింది. దుంగలుగా కోసి, కిందా పైనా పేర్చి, మధ్యలో తమ పచ్చికుండలన్నీ సర్ది, మట్టి మెత్తి, దాలమ్మ దండం పెట్టుకుని నిప్పు పెట్టింది. ఈసారి మంట నిలిచింది. రాత్రల్లా ఎర్రగా నిలిచి, మర్నాడు మధ్యాహ్నానికి కుండలు కణకణలాడుతూ ఎక్కడా మచ్చలేకుండా కాలాయి. మట్టి పెళ్ల తొలగించి చూసి దాలమ్మ సంతోషం పట్టలేక మరదలిని కౌగిలించుకుంది. ఇక చల్లారడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే సంతకు వెళ్లినవాళ్లు ఖాళీగంపలతో తిరిగొచ్చారు. ఊరిదారి మలుపు తిరగగానే దిబ్బ కనిపిస్తుంది. ముందు నడుస్తున్న గురమ్మ ఆగిపోయింది, వెనకవాళ్లు వచ్చి ఆమెను గుద్దుకుని వాళ్లూ ఆగిపోయారు. ఆకాశంలో ఉండవలసినచోట మోడు లేదు. ఆగ్నేయమూల నుంచి నల్లటి మబ్బు కమ్ముకొస్తోంది. సముద్రం అప్పటికే రంగు మారింది. గురమ్మ గంప విసిరేసి పరుగెత్తింది.

"వదినా, మోడేదే? మోడు ఏటి సేసినావే?"

దాలమ్మ ఆవం వైపు చెయ్యి చూపించింది. "నిన్ను అడిగినాను గదా వదినా. ఎవరిదీ కాదన్నావు."

గురమ్మ తల పట్టుకుంది. ఇసుకలో కూలబడింది. తరతరాలుగా ఒడ్డున ఎవరూ పలకని మాటను ఆమె అప్పుడు పలికింది. కొండనొక్కు చూపించింది, మోడు ఉండిన చోటు చూపించింది, నురగలు కక్కుతున్న తోడికోడళ్లను చూపించింది. "మా మనుషులు దాన్ని సూసుకునే వత్తారు. అది లేపోతే సందు కనపడదు. గాలి తిరిగిపోనాది, బయట నిలవలేరు. రావాల, వత్తే రాళ్లమీదికే రావాల. నాను సెప్పలేదు వదినా. నిన్న ఒక్క మాట సెప్పలేకపోనాను."

దాలమ్మ సముద్రంవైపు తిరిగింది. పెట్టిన చేతులన్నీ కళ్లముందు కదిలాయి. పులుసు పంపిన ఇళ్లలోని మగవాళ్లందరూ ఆ నీళ్లమీద ఉన్నారు. తనను వదినా అని పిలిచినదాని భర్త, ఇద్దరు కొడుకులు ఉన్నారు. తప్పు ఎవరిదన్న ఆలోచన ఆమెకు రానేలేదు. మోడు లేదు, మోడు ఉండాలి, అదొక్కటే ఆమె తలలో నిలిచింది. మంట వేద్దామని ఎవరో అన్నారు. వానజల్లు అప్పటికే పడుతోంది, ఆ గాలికి మంట నేలబారున పాకుతుందేగాని పైకి లేవదు. అందరూ ఏడుపు అందుకున్నారు.

"మొదలుంది" అంది దాలమ్మ ఉన్నట్టుండి. "మోడు పోనాదిగాని మొదలు అక్కడే ఉంది. దాని మీదే ఏదో ఒకటి నిలబెట్టాల. కొయ్య ఉందా మీకాడ?"

ఏనాడో పగిలిన పడవ తాలూకు తెరచాప కొయ్య ఒకటి గురమ్మ పాక వెనక ఉంది. నలుగురు మోసుకొచ్చారు. తాటిమొదలులోని బెండును గొడ్డలితో దొలిచి అందులో కొయ్యను దింపారు. నిలబడింది. కానీ దూరంనుంచి చూస్తే అది వెంట్రుకలా ఉంది. పైగా పాత మోడులో సగం ఎత్తు కూడా లేదు. ఆకాశంలోకి పోయి నొక్కులో కనిపించే మాట ఒట్టిది, కొండ నలుపులోనే కలిసిపోతుంది. దాలమ్మ ఒకసారి కొండవైపు చూసింది, ఒకసారి తన ఆవంవైపు చూసింది.

"మీరు గుల్లలు కాల్చి సున్నం సేత్తారు గదా. ఎంత ఉంటే అంతా తెండి" అంది.

తమ్ముళ్లు అడ్డుపడబోయారు. ఎందుకంటే ఆమె ఏం చేయబోతోందో వాళ్లకు అర్థమైపోయింది. కాలుతున్న ఆవాన్ని గాలికి తెరిస్తే సగం కుండలు పగిలిపోతాయి. ఈ ఊళ్లో పేరు నిలబెట్టవలసిన తొలి ఆవం అది. దాలమ్మ వాళ్ల మాట చెవిన వేసుకోలేదు. తడిగోనెలు చేతులకు చుట్టుకుని ఆవం విప్పేసింది. టపటపమని పగిలినవి పగలగా మిగిలిన కుండల అడుగులు తానే రాయితో కొట్టి తొలిచింది. ఒక్కొక్క దెబ్బకూ ఆమెకు గుండెలో కలుక్కుమంది, అయినా చెయ్యి ఆగలేదు. గురమ్మా మిగతావాళ్లూ గుల్లసున్నం కలిపి తాటిపీచు కుంచెలతో పూశారు. వేడికుండ మీద పడ్డ సున్నం బుస్సుమని పొగ చిమ్మి, వానజల్లు కడిగేలోగానే ఎండి పట్టేసింది. మెట్టసీమ మట్టీ సముద్రపు గుల్లా ఒకదానికొకటి అలా అంటుకున్నాయి. కొయ్యను పీకి పడుకోబెట్టి, ఆ తెల్లకుండలను ఒకదాని వెనక ఒకటిగా దానికి గుచ్చి, మళ్లీ మొదలులో నిలబెడితే, నల్లకొండకు ఎదురుగా తెల్లటి స్తంభం లేచింది.

అప్పటికే తెరచాపలు కనిపించాయి. పడవలు తోడికోడళ్లకు బయట ఆగి, దారితప్పిన పశువుల్లా అటూ ఇటూ తిరుగుతున్నాయి. మొట్టమొదటి పడవ ఇక ఆగలేక ఉత్తరపు బండమీదికే మొగ్గింది. ఒడ్డున ఆడవాళ్లు చేతులూపి కేకలు పెట్టారు. ఆఖరిక్షణంలో ఆ పడవలో ఎవరో తెల్లస్తంభాన్ని చూశారు కాబోలు, పడవ గిరుక్కున తిరిగింది, కొండనొక్కునూ తెలుపునూ ఒక్క వరసలోకి తెచ్చుకుంది, సందులోకి దూరి, నురగలో మునిగి తేలి, ఒడ్డున పడింది. దాని వెనకాల మరొకటి కదిలింది.

కానీ గాలి ఊరుకుంటుందా? బెండుమొదలులో కొయ్య ఊగడం మొదలుపెట్టింది. పెద్దవల తాళ్లు తెచ్చి కొయ్యకు కట్టి, జాలరి ఆడవాళ్లు ఒకవైపూ కుమ్మరి ఆడవాళ్లు మరొకవైపూ లాగి పట్టారు. ఆ తాడుమీద ఎవరి చెయ్యి ఎవరిదో తెలియలేదు. దాలమ్మ నడుమ మొదలుమీదికెక్కి కుండల వరసకు వీపు ఆనించి నిలబడింది. అంతలో బరువుకు అడుగుకుండ భళ్లున పగిలింది. పై వరస మొత్తం కిందికి జారబోతుంటే దాలమ్మ వంగి, రెండో కుండ అంచును నెత్తిమీదా భుజంమీదా అందుకుని లేచి నిలుచుంది. చిన్ననాటినుంచీ నెత్తిన కుండల దొంతర మోసిన మనిషి ఆమె. ఆ కుండలు ఇంకా కాలుతూనే ఉన్నాయి. ఆమె కళ్లు మాత్రం పడవల మీదనుంచి కదలలేదు.

"వదినా, దిగిపోవే, మేం పట్టుకుంటాం" అని గురమ్మ తాడు విడవకుండానే అరిచింది.

"నీ వాళ్లు వచ్చినారా?" అని అడిగింది దాలమ్మ.

ఎర్రయ్య పడవ రాలేదు. తండేలు అందరినీ పంపించి ఆఖరున రావడం ఆ రేవు ఆచారం. బయట ఒక్క తెరచాప మిగిలి ఉంది. గాలి ఒక్క పెట్టున విరుచుకుపడి ఆడవాళ్లను తాళ్లతోసహా ఇసుకలో ఈడ్చింది. అప్పుడు దాలమ్మ సముద్రంతో మాట్లాడింది. ఆ మాటలు గాలికి ఎదురొచ్చి మరీ తాళ్లు పట్టుకున్న ప్రతి ఒక్కరికీ వినబడ్డాయని పెద్దలు చెబుతారు.

"గంగమ్మ తల్లీ, నీ గురుతు నాను కొట్టీసినాను. తెలిసి కొట్టలేదు, అయినా కొట్టినాను. దాని తావులో నన్ను నిలబెట్టు. కదిలితే నీ మీద ఒట్టు."

అంతే, ఊగుతున్న కొయ్య నిలిచిపోయింది. తాళ్లు సడలిపోయాయి, లాగవలసిన అవసరమే లేకపోయింది. గాలి గాలిలాగే వీచింది, వాన వానలాగే కురిసింది, దిబ్బమీది తెల్లస్తంభం మాత్రం వెంట్రుకవాసి కదలలేదు. ఎర్రయ్య పడవ దాన్ని నొక్కు కింద నిలుపుకుని, తోడికోడళ్ల మధ్యనుంచి, కుట్టు ఒక్కటి కూడా తెగకుండా వచ్చి ఒడ్డెక్కింది.

తండేలు ఇసుకమీద కాలుపెడుతూనే భార్యను చూసి, "మన మోడుకు సున్నమెవరు కొట్టినారే? దేవతలా ఉంది" అన్నాడు.

ఆడవాళ్లు తాళ్లు విడిచి దిబ్బవైపు తిరిగారు. గురమ్మ అప్పటికే దిబ్బ ఎక్కుతోంది. వదినా, అందరూ వచ్చేసినారు, ఇక దిగమని పిలుస్తూ వెళ్లి దాలమ్మ చేతిని పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది, గట్టిగా ఉంది. మొదలూ కొయ్యా కుండలూ మనిషీ అంతా ఒక్క రాయి అయిపోయింది. గురమ్మ ఆ రాతిపాదాలమీద పడి, చెబితే పోయేది కదా, ఒక్క మాట చెబితే పోయేది కదా అని తల బాదుకుంది. ఆమెను లేవదీయడానికి ఎర్రయ్యకు చేతులు రాలేదు. విషయం విన్నాక అతడూ ఆమె పక్కనే కూర్చుండిపోయాడు.

మర్నాడు కుముదవర్మ స్వయంగా వచ్చి, ఆ శిలకు నమస్కరించి, గుడి కట్టిస్తానన్నాడు. ఎర్రయ్య వద్దన్నాడు. గోడలు కడితే అమ్మ సముద్రంలోంచి కనబడదనీ, కనబడడం కోసమే ఆమె నిలుచుందనీ విన్నవించాడు. రాజు ఆ మాటకు తల వంచి, రాళ్లరేవు పేరు తీసి దాలమ్మరేవు అని శాసించి వెళ్లాడు. ఎర్రయ్య ఆనాడే ఊరివాళ్లనందరినీ దిబ్బకింద కూర్చోబెట్టి, గురుతును నేలమీద, పదిమందిలో, కుమ్మరి కుటుంబాలు వింటుండగా, గొంతెత్తి చెప్పాడు. గంగమ్మ అలగలేదు. చేపా ఎక్కడికీ పోలేదు.

ఇప్పటికీ దాలమ్మరేవుకు వెళ్లినవారు పెద్దదిబ్బ మీద ఆ రాయిని చూడవచ్చు. మనిషెత్తు దాకా సన్నగా, ఆపైన గుండ్రంగా గుబ్బలు గుబ్బలుగా, కుండమీద కుండ పెట్టినట్టు ఉంటుంది. గుడి లేదు, గోపురం లేదు, తలుపు లేదు, ఎవరు ఎప్పుడైనా వెళ్లి దండం పెట్టుకోవచ్చు. ఇంజను పడవలు వచ్చినా, చేతిలో దారిచూపే యంత్రాలు వచ్చినా, తోడికోడళ్ల దగ్గరికి వచ్చేసరికి కుర్రకారు సైతం తలెత్తి కొండనొక్కు కింద తల్లిని వెతుక్కోవలసిందే. పెద్దవల తాడుకు ఒక కొసను జాలరి ఇల్లూ మరో కొసను కుమ్మరి ఇల్లూ ముందుగా పట్టుకునే ఆచారం కూడా ఆనాటిదే. ఆ రేవులో ఎండిన కొమ్మ కొట్టాలన్నా, పడవలన్నీ ఒడ్డెక్కి, తండేలు సరేనన్నాకే గొడ్డలి లేస్తుంది.

ఆ ఊరికి కొత్తగా ఎవరు వచ్చినా, కోడలైనా, కూలికి వచ్చినవాడైనా, బదిలీమీద వచ్చిన ఉద్యోగి అయినా, చూసిపోదామని వచ్చిన యాత్రికుడైనా సరే, ముందు ఇంట్లోకి తీసుకెళ్లరు. దిబ్బమీదికి తీసుకెళ్తారు. ఇదిగో కొండ, ఇదిగో తల్లి, అవిగో తోడికోడళ్లు అని వేలుపెట్టి చూపించి, ఉప్పుటేటికి ఏ వేళ అడ్డంపడకూడదో, ఏ ఇసుక కాలుని లాగుతుందో, ఏ గాలి వీస్తే ఒడ్డు వదలకూడదో అన్నీ చెప్పాకే మంచినీళ్లు ఇస్తారు. వచ్చినవాడు తొందరపడితే ఊరుకోరు. దాహమేస్తోందన్నా, కాస్త ఓర్చుకోమని నవ్వుతూ చెప్పి, చెప్పవలసింది మొత్తం చెప్పే వదులుతారు.

ఏటా ఆశ్వయుజంలో, గాలులు తిరగకముందు వచ్చే ఆదివారం నాడు తల్లికి సున్నం పండుగ. గుల్లలు కాల్చిన సున్నాన్ని కొత్త ఆవంలో దిగిన తొలికుండలో కలిపి ఊరేగింపుగా తెస్తారు. ఆ రోజు పూజారి అంటూ ఎవరూ ఉండరు. ఆ ఏడు ఊరికి కొత్తగా వచ్చినవాళ్లలో అందరికన్నా చివర వచ్చిన మనిషి చేతికి తాటిపీచు కుంచె ఇస్తారు. ఆ మనిషి దిబ్బకింద నిలబడి, ఊళ్లోకెల్లా పెద్దావిడ వైపు తిరిగి, దాలమ్మ ఆనాడు అడిగిన మాటే అడగాలి.

"దిబ్బమీద ఆ మోడు ఎవరిదమ్మా?"

డప్పులు ఆగుతాయి. ఆ పెద్దావిడ వచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని, ముఖం తిప్పుకోకుండా, కళ్లలోకి చూస్తూ జవాబు చెబుతుంది.

"మనదే తల్లీ."